ఎవరి పని వారు సరిగ్గానే చేసినా

ఫోన్‌లో రైలు టికెట్‌కు డబ్బు కట్టేటప్పుడు తెర వెనక కనీసం మూడు సాఫ్ట్‌వేర్ సేవలు మాట్లాడుకుంటాయనుకుందాం. ఒకటి సీటు పట్టి ఉంచుతుంది, ఒకటి ఖాతాలోంచి డబ్బు తీస్తుంది, మూడోది ఆ రెంటి మధ్య కబురు మోస్తుంది. గడువు దాటితే సీటు వదిలెయ్యాలని మొదటిదానికి నియమం. ఖాతాదారు ఒప్పుకోగానే డబ్బు తియ్యాలని రెండోదానికి. కబురు అందకపోతే మళ్లీ పంపాలని మూడోదానికి. మూడూ తమ నియమం పొల్లుపోకుండా పాటించాయి. అయినా డబ్బు పోయింది, సీటు రాలేదు.

తప్పు ఎవరిది?

దీన్ని ఇంజినీర్లకు వదిలేసి ఊరుకోలేం. గుడ్డ అంటే దారాలేనా, దారాలకు మించి మరొకటా అని మన తార్కికులు వందల ఏళ్లు వాదించుకున్నారు. అవయవాల కంటే అవయవి వేరన్నారు న్యాయ వైశేషికులు. బౌద్ధులు ఒప్పుకోలేదు. చక్రం రథమా, ఇరుసు రథమా అని మిళింద రాజును బౌద్ధ భిక్షువు నాగసేనుడు నిలదీసిన ఘట్టం మిళిందపన్హలో ఉంది. టికెట్ విషయంలో మాత్రం నైయాయికుల మాటకే బలం ఎక్కువ. మూడు సేవల్లో దేన్ని విప్పి చూసినా ఆ తప్పు కనిపించదు. ఏ కబురు ముందు చేరింది, ఏది వెనకబడింది అన్న క్రమంలోనే అది పుడుతుంది.

ఫార్మల్ వెరిఫికేషన్, అంటే గణితంతో సరిచూసే పద్ధతి, వెతికేది అక్కడే. మామూలు పరీక్షలు కొన్ని క్రమాలను నడిపి చూస్తాయి. మోడల్ చెకర్ అనే సాధనం ఆ సేవల గణిత నమూనాలో సాధ్యమైన ప్రతి క్రమాన్నీ గాలిస్తుంది. అమెజాన్ ఇంజినీర్లు లెస్లీ లాంపోర్ట్ రూపొందించిన టీఎల్ఏ ప్లస్ భాషతో డైనమోడీబీ అనే తమ డేటాబేస్‌ను ఇలాగే పరిశీలించారు. డిజైన్ సమీక్షలూ కోడ్ సమీక్షలూ పరీక్షలూ అన్నీ దాటుకొచ్చిన ఒక లోపం అప్పుడు బయటపడింది. దాన్ని చేరడానికి అతి దగ్గరి దారే 35 అడుగులు. ఏ మనిషీ మనసులో అన్ని మలుపులు పట్టి ఉంచుకోలేడు.

మరి నిరూపించాక నిశ్చింతేనా? అసలు చిక్కంతా ఈ ప్రశ్నలోనే ఉంది.

నెట్‌వర్క్‌లో ఎ, బి అనే ఇద్దరు ఒకరినొకరు గుర్తుపట్టడానికి రోజర్ నీడమ్, మైఖేల్ ష్రోడర్ 1978లో ఒక సంభాషణ పద్ధతి ఇచ్చారు. 1989లో బరోస్, అబాదీ, నీడమ్ తమ తర్కపద్ధతితో దాన్ని విశ్లేషించారు. 1995లో గావిన్ లోవ్ అందులో ఒక దాడిని చూపించారు. ఏ తాళాన్నీ పగలగొట్టే పని లేదు. ఒక మోసగాడితో ఎ తనంతట తానే మాట కలిపితే చాలు. ఎ పంపిన రహస్య సంఖ్యను మోసగాడు బి దగ్గరకు చేరవేసి, నేనే ఎ అంటాడు. బి ఇచ్చిన జవాబును అతను విప్పలేడు. అందుకని దాన్ని అలాగే ఎ చేతిలో పెడతాడు. అది మోసగాడి జవాబేననుకుని ఎ విప్పి, లోపలి సంఖ్యను అతనికే పంపుతుంది. అతను దాన్ని బికి అందిస్తాడు. ఎ, బి ఇద్దరూ నియమం తప్పలేదు. బి మాత్రం ఎతో మాట్లాడుతున్నాననే నమ్ముతుంది.

1989 నాటి తర్కంలో అడుగు తప్పలేదు. పాల్గొనేవాళ్లంతా నిజాయతీపరులేనన్న ఊహ మీద అది నిలబడింది, అంతే. నైయాయికులు ఇలాంటి దాగిన షరతునే ఉపాధి అన్నారు. కొండ మీద నిప్పుంది కాబట్టి పొగా ఉంటుందని ఎవరైనా అంటే, తడి కట్టెలైతేనే కదా అని ఆపుతారు. ఆంధ్రుడైన అన్నంభట్టు తర్కసంగ్రహంలోనూ ఈ ఉదాహరణే కనిపిస్తుంది. నిరూపణ ప్రమాణమే, సందేహం లేదు. కానీ అది ఏ తడి కట్టెల మీద ఆధారపడిందో అడగనివాడికి ప్రమాణం కాస్తా నమ్మకంగా మిగులుతుంది. జనం డబ్బుతో నడిచే వ్యవస్థలు కట్టేవాళ్లు ఈ ప్రశ్నను ధర్మంగా భావించాలి.

లోవ్ చేసిన సవరణ చాలా చిన్నది: బి తన జవాబులో తన పేరు చేర్చాలి. అప్పుడు ఆ జవాబు మోసగాడిది కాదని ఎ ఇట్టే పసిగడుతుంది. మరుసటి ఏడాది ఎఫ్‌డీఆర్ అనే సాధనంతో ఆయన పాత పద్ధతిలోని దాడిని యంత్రం చేతే పట్టించారు. సవరించిన పద్ధతి మీద దానికి ఏ దాడీ దొరకలేదు. ఆ ఫలితానికీ ఒక ఉపాధి ఉంది. సరైన తాళంచెవి లేనివాడు సందేశాన్ని విప్పలేడన్న ఊహ మీదే ఆ నమూనా అంతా నడుస్తుంది.