ధనుర్మాసము - మనస్సునకు మేలుకొలుపు



సూర్యుడు ధనూరాశిని ప్రవేశించినది మొదలు మకర సంక్రమణము వఱకు గల పుణ్యకాలము ధనుర్మాసము. ఈ దినములలో మన శంషాబాదు ప్రాంతమున పగలు సుమారు 11 గంటలు మాత్రమే. ఉదయము ఆఱున్నర దాటినగాని సూర్యదర్శనము కాదు. చలికి దేహము ముడుచుకొనునట్లే కొందఱికి మనస్సును ముడుచుకొనును. ఇచ్చటి విమానాశ్రయము 2008లో ప్రారంభమైనది మొదలు ఎందఱో తల్లిదండ్రులు ఇక్కడనుండియే బిడ్డలను దూరదేశములకు సాగనంపుచున్నారు. వారి యిండ్లలో ఈ రాత్రులు మఱింత దీర్ఘములుగా దోచును. చికాగో వంటి నగరములందున్న ఆ బిడ్డలకో, డిసెంబరు పగలు 9 గంటలే. వెలుగు తగ్గిన ఋతువున కొందఱిని కమ్ము దిగులు నిజమైన రుగ్మతయే యని 1984లో అమెరికా వైద్యుడు నార్మన్ రోసెంతాల్ ప్రభృతులు వివరించిరి. ఉదయకాలపు వెలుగు దానికొక చికిత్స.

మన పెద్దలు ఈ మాసమునకు విధించిన వ్రతమెట్టిదో చూడుడు. తెల్లవాఱుజామున లేచుట, స్నానము, వాకిట ముగ్గు, ఆలయమునకు నడక, దినమునకొక తిరుప్పావై పాశురము, వేడి పొంగలి ప్రసాదము. ఇది భగవత్కైంకర్యమునకై ఏర్పడినదే కాని వైద్యమునకై కాదు. అయినను మనుజుని పడకనుండి లేపి, వెలుగులోనికి, నలుగురిలోనికి నడిపించుచున్నది.

ఇందు ముఖ్యమైన విశేషమొకటి కలదు. గోదాదేవి యనుగ్రహించిన 30 పాశురములలో ఆఱవది మొదలు పదునైదవది వఱకు పదియును చెలులను మేలుకొలుపుటకే. ఆమె తానొక్కతెయే పోయి స్వామిని సేవింపలేదు. తొమ్మిదవ పాశురమున లోపలి కన్యక పలుకకుండగా, ఆమె తల్లిని పిలిచి, నీ బిడ్డకు మాట రాదా, వినబడదా యని యడుగుదురు, విడిచిపోరు. పూర్వాచార్యులు ఆ నిద్రను భగవదనుభవ పారవశ్యముగా వ్యాఖ్యానించిరి. కారణమేదైనను వాకిట నిలిచినవారి ధర్మమొక్కటియే: లోపలివారిని వదలి ముందుకు సాగరాదు. తిరుప్పావై జీయరని ప్రసిద్ధి వహించిన శ్రీమద్రామానుజులు లోకమునకు బోధించినదియు ఈ ధర్మమే. 2022 ఫిబ్రవరిలో మన ముచ్చింతలలో ఆవిష్కృతమైన 216 అడుగుల సమతామూర్తి దానినే స్మరింపజేయుచున్నది.

కావున నాలుగు దినములుగా గోష్ఠికి రాని పొరుగువారి తలుపు తట్టుడు. వృద్ధులను చీకటిలో చన్నీటి స్నానమునకు నిర్బంధింపక, గోరువెచ్చని నీరిచ్చి, ఎండ వచ్చిన పిమ్మట చేయి పట్టి నడిపింపుడు. మన యుదయము అమెరికాలోని బిడ్డలకు సాయంకాలము. పారాయణము ముగియగానే వారితో రెండు మాటలు మాటలాడుడు. దిగులని చెప్పుకొన్నవారిని భక్తి చాలలేదని నిందింపకుడు. రెండు వారములు దాటినను నిద్రాహారములు కుదురక, జీవితముపై విరక్తి కలిగినచో వెంటనే వైద్యుని చూపవలెను. ప్రభుత్వమువారి టెలీ మానస్ సేవకు 14416 అను సంఖ్యకు ఎప్పుడైనను ఫోను చేయవచ్చును. జ్వరమునకు మందు పుచ్చుకొనుట భక్తికి లోపము కానట్లే ఇదియును లోపము కాదు.

నేయి, పాలు విడిచి మొదలిడిన ఆ వ్రతము ఇరువదియేడవ పాశురమున నేయి యొలుకు పొంగలిని అందఱు కూడి యారగించుటతో పండుచున్నది. ఆ పంక్తిలో మన వీథివారెవ్వరును లేకుండ పోకూడదు.

శుభమస్తు.