మన చేనిలోకి వచ్చిన జింక ఎవరిది?

పట్టాలో సర్వే నంబరు ఉంటుంది. విస్తీర్ణం ఎంతో ఉంటుంది. అడంగల్‌లో ఆ ఏడు ఏ పైరు వేశామో కూడా రాస్తారు. అయితే రాత్రిపూట గట్టు దాటి లోపలికి వచ్చే జింక గురించి గానీ, అడవిపంది గురించి గానీ ఏ కాగితంలోనూ ఒక్క మాట ఉండదు. భూమి మనది అని చెప్పడానికి ఆ కాగితం చాలు. మరి ఆ భూమి మీద నిలబడి మన పైరు మేస్తున్న ప్రాణి ఎవరిది? మన నేలలోకి వచ్చింది కాబట్టి దాన్ని వేటాడే హక్కు మనకు ఉంటుందా? చాలా రోజులుగా నన్ను విడవని ప్రశ్న ఇది. నాకు తోచిన జవాబు ఈ వ్యాసంలో రాస్తున్నాను.

మా ఆర్.కె.పేటలో ఒకపక్క మగ్గాల చప్పుడు, ఇంకోపక్క చేలు. కొండల కింది చేలలో వేరుశనగ వేస్తారు. మేము వాటిని సెనక్కాయలు అంటాము. కాయ ఊరే సమయానికి అడవిపందులు గుంపుగా దిగుతాయి. అవి తినేది కొంచెం, తవ్వి పాడుచేసేది ఎక్కువ. జింకలు అంత తరచుగా రావు. వచ్చిన రోజు మాత్రం లేత చిగుళ్ళు మిగలవు. నెమళ్ళ సంగతి చెప్పనే అక్కరలేదు. మురుగన్ వాహనం, పైగా మన జాతీయ పక్షి, విత్తనం వేసిన రోజు నుంచే చేనిలో ఉంటుంది. రైతులు చేని చుట్టూ పాత చీరలు కడతారు, డబ్బాలు కొడతారు, టపాకాయలు పేలుస్తారు. నాలుగు రోజులు పోతే జంతువులు వాటికి అలవాటు పడిపోతాయి.

మా తాతకు కొండ కింద కొంచెం చేను ఉంది. వన్యప్రాణులను కాపాడాలని మా పాఠంలో ఉందని నేను చెప్పినప్పుడు ఆయన ఒకే మాట అడిగాడు: "చంపకూడదు సరే నాయనా, ఒప్పుకుంటా. మరి నా సెనక్కాయలు ఎవురిస్తారు?" ఈ మాటకు జవాబు చెప్పకుండా జీవకారుణ్యం మీద వ్యాసం రాస్తే అది సగం వ్యాసమే అవుతుంది.

ముందు చట్టం ఏమంటుందో చూద్దాం. మన దేశంలో 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. దాని ప్రకారం జింకను వేటాడటం నేరం. అడవిలో చంపినా, సొంత పట్టా భూమిలో చంపినా నేరం ఒకటే. ప్రాణం మీదికి వచ్చినప్పుడు తనను తాను కాపాడుకోవడానికి చంపితే అది నేరం కాదు. కొన్ని జంతువులు పైరుకు ప్రమాదం అయినప్పుడు అధికారి రాతపూర్వకంగా అనుమతి ఇవ్వవచ్చు. కృష్ణజింక లాంటి మొదటి షెడ్యూలు జంతువులకు పైరు నష్టం కారణంగా ఆ అనుమతి కూడా దొరకదు. వేటాడిన జంతువు, చచ్చి పడిన జంతువు కూడా సర్కారు ఆస్తి అని అదే చట్టం చెబుతుంది. అంటే భూమి మనది, దాని మీద నడిచే జింక మనది కాదు. నీళ్ళు, గాలి లాగా అది అందరిదీ.

చట్టం ఇంత స్పష్టంగా ఉంటే ఇక ప్రశ్న ఏముంది అని కొందరు అడగవచ్చు. ప్రశ్న ఇక్కడే మొదలవుతుంది. జింక అందరిదీ అయితే, అది తిన్న పైరు మాత్రం ఒక్కడిది ఎందుకు అవ్వాలి?

కృష్ణజింక ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు. కర్నూలు ప్రాంతంలో బట్టమేకపిట్టను కాపాడటానికి 1988లో రోళ్ళపాడు అభయారణ్యం ఏర్పాటు చేశారు. ఆ రక్షణలో కృష్ణజింకలు బాగా పెరిగాయి, పెరిగి చుట్టుపక్కల పొలాల మీద పడ్డాయి. తెలంగాణలో నారాయణపేట వైపు కృష్ణానది దగ్గరి పొలాలలో కూడా ఇదే గోడు. అప్పుడే మొలిచిన పైరును మంద వచ్చి మేసిపోతే రైతు మళ్ళీ విత్తనం కొనాలి, మళ్ళీ దున్నాలి. రాష్ట్ర జంతువు అని గర్వపడేది రాష్ట్రమంతా, రెండోసారి విత్తనం కొనేది ఒక్క రైతు. నష్టపరిహారం కావాలంటే ఆయన అర్జీ పెట్టుకోవాలి, ఫోటోలు తీయించాలి, అధికారులు వచ్చి చూసేదాకా కాచుకోవాలి.

జింకను ప్రేమించడంలో కూడా రెండు రకాలు ఉన్నాయని నాకు అనిపిస్తుంది. ఒకటి ఖర్చులేని ప్రేమ. చెన్నైలో గిండీ అడవి నుంచి తీసుకున్న స్థలంలో 1959లో ఐఐటీ మొదలయింది. పక్కనే 1978లో గిండీ జాతీయ ఉద్యానవనం ఏర్పడింది. దాని విస్తీర్ణం మూడు చదరపు కిలోమీటర్లు కూడా లేదు. నగరం మధ్యలో అది ఒక ద్వీపం లాంటిది. ఐఐటీ లోపల ఇళ్ళ మధ్య, హాస్టళ్ళ మధ్య జింకలు తిరుగుతాయి. చూసేవాళ్ళకు ఎంతో ఆనందం. అక్కడ ఎవరికీ సెనక్కాయల చేను లేదు. అయినా మనుషులు పారేసిన ప్లాస్టిక్ తిని అక్కడి జింకలు చచ్చిపోయాయి. ప్రేమ ఉంది గానీ, ఒక ప్లాస్టిక్ సంచిని వదులుకునేంత ప్రేమ అందరిలో లేదు.

రెండోది ఖర్చు పెట్టే ప్రేమ. రాజస్థాన్‌లో బిష్ణోయిలు అనే సమాజం ఉంది. చెట్టును నరకకూడదు, జింకను చంపకూడదు అన్నది వాళ్ళ నియమం. వాళ్ళు కూడా మనలాగా రైతులే. వాళ్ళ పొలాలలోనే జింకలు మేస్తాయి, వాళ్ళు తరమరు. 1998లో జోధ్‌పూర్ దగ్గర కృష్ణజింకలను వేటాడిన కేసులో సినిమా నటుడు సల్మాన్ ఖాన్ మీద సాక్ష్యం చెప్పినవాళ్ళు ఆ గ్రామస్తులే. 20 ఏళ్ళు వాళ్ళు ఆ కేసును వదలలేదు. 2018లో కింది కోర్టు ఆయనకు 5 ఏళ్ళ జైలుశిక్ష వేసింది, ఆయన దాని మీద అప్పీలు చేసుకున్నాడు. "జింకను చంపవద్దు" అని చెప్పే అర్హత బిష్ణోయిలకు ఉంది. ఆ మాటకు అయ్యే ఖర్చు వాళ్ళు సొంత పొలంలో నుంచే ఇస్తున్నారు. గాజు కిటికీ వెనక నుంచి చూసి ముచ్చటపడేవాళ్ళు అదే మాట చెబితే రైతుకు కోపం రావడం సహజం.

అయితే ఎప్పటికీ, ఎక్కడా చంపకూడదు అని కూడా నేను అనలేను. ఇందుకు అండమాన్ ద్వీపాలు మంచి ఉదాహరణ. తెలుగువాళ్ళు పెద్ద సంఖ్యలో స్థిరపడిన చోటు అది. అక్కడ మచ్చల జింక సహజంగా లేదు. బ్రిటిష్ కాలంలో దొరలు వేట వినోదం కోసం తెచ్చి వదిలారు. పులి లేదు, చిరుత లేదు. జింకలు ఈదుకుంటూ ఒక ద్వీపం నుంచి ఇంకో ద్వీపానికి పోయి అంతటా పెరిగాయి. ఇప్పుడు రాస్ ద్వీపంలో (2018 నుంచి దాని పేరు నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీపం) యాత్రికులు వాటితో ఫోటోలు దిగుతారు. కానీ అడవిలో మొలిచిన మొక్కలను అవి పెరగనివ్వవు. పెద్దచెట్లు చనిపోయాక వాటి చోటు తీసుకునే పిల్లచెట్లు ఉండవు. అడవికి కూడా ప్రాణం ఉంది, దాన్ని నమ్ముకున్న పక్షులకూ పురుగులకూ ప్రాణం ఉంది. జింక కళ్ళు అందంగా ఉన్నాయని దాని ఒక్కదాని ప్రాణమే లెక్కలో వేసుకుంటే మిగిలిన ప్రాణాలకు అన్యాయం చేసినట్టే.

అమెరికాలో ఇళ్ళు ఉన్న ద్వీపాలలో కూడా ఇదే తగాదా. అక్కడ జింక సర్కారు రక్షణలో ఉంటుంది, వేటకు లైసెన్సు కావాలి, వేట కాలం ఉంటుంది. తన స్థలంలోకి వేటగాడిని రానివ్వాలా వద్దా అన్నది మాత్రం ఇంటి యజమాని ఇష్టం. ఒక ఇంటాయన తోట పాడయిందని వేటగాళ్ళను పిలుస్తాడు, పక్కింటామె జింకలకు మేత పెడుతుంది. జింకకు రెండు ఇళ్ళ మధ్య గీత తెలియదు. న్యూయార్క్ నగరంలోని స్టాటెన్ ద్వీపంలో జింకలను చంపకుండా, 2016 నుంచి మగ జింకలకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేయించారు. ఆ ఖర్చు నగరం పెట్టుకుంది. చంపవద్దు అన్నవాళ్ళు డబ్బు కూడా పెట్టారు అన్నది అందులో నాకు నచ్చిన విషయం.

ఇక చంపడం గురించి. చంపడంలో మూడు రకాలు చూస్తాము. సరదాకు చంపడం, కోపంతో చంపడం, అవసరానికి చంపడం. మొదటిదాన్ని సమర్థించే మాట నాకు ఒక్కటి కూడా దొరకలేదు. రెండోదాన్ని అర్థం చేసుకోగలను గానీ ఒప్పుకోలేను. పైరు పోయిన మనిషి ఆ రాత్రి తన కేసుకు తానే జడ్జి అవుతాడు. కోపంలో పెట్టిన కరెంటు తీగకు కళ్ళు ఉండవు. పంది కోసం పెట్టిన తీగకు ఆవుదూడ తగులుతుంది, నీళ్ళు కట్టడానికి చీకట్లో వచ్చిన పక్క చేని మనిషి తగులుతాడు. పెట్టినవాడే దాన్ని మరిచిపోయి చనిపోయిన వార్తలు మనం పేపర్లలో చదువుతూనే ఉన్నాము. నా భూమి, నా ఇష్టం అనే మాట ఎంతదూరం పోతుందో చెప్పడానికి ఆ తీగ చాలు.

మూడోది అవసరం. బీహార్‌లో మనుబోతులు పైర్లను నాశనం చేస్తున్నాయని కేంద్రం అనుమతి ఇచ్చాక 2016లో మొకామా ప్రాంతంలో 200కు పైగా మనుబోతులను కాల్చారు. కాల్చడానికి హైదరాబాద్ నుంచి షూటర్లు వెళ్ళారు. అప్పుడు కేంద్ర మంత్రులే రెండు పక్షాలుగా వాదించుకున్నారు. మన తమిళనాడు ప్రభుత్వం 2025లో అడవిపందుల గురించి ఒక పద్ధతి ప్రకటించింది. అడవి నుంచి ఒక కిలోమీటరు లోపల కాల్చకూడదు. ఒకటి నుంచి మూడు కిలోమీటర్ల మధ్య అయితే పట్టుకుని అడవిలో వదలాలి. మూడు కిలోమీటర్లు దాటిన చోట అటవీశాఖ వాళ్ళు మాత్రమే కాల్చవచ్చు. ఇది చాలుతుందా లేదా అన్నది రైతులు చెప్పాలి. కానీ ఇందులో ఒక ధర్మం ఉంది. చంపాలా వద్దా అన్నది కోపంలో ఉన్న ఒక్క మనిషి చేతిలో లేదు, సరదా పడే మనిషి చేతిలో అంతకన్నా లేదు. అందరి ప్రాణి గురించి అందరి తరఫున, పగటిపూట, లెక్క చెప్పి తీసుకునే నిర్ణయం అది.

మిత్రులారా, మన తిరుత్తణి కొండ కథ మీకందరికీ తెలుసు. వల్లీదేవి జింక కడుపున పుట్టిందని, వేటగాళ్ళ నాయకుడు ఆమెను పెంచాడని పెద్దలు చెబుతారు. ఆమె చేసిన పని ఏమిటి? కొర్రచేనికి కాపలా. మంచె మీద నిలబడి వడిసెలతో పిట్టలను తరిమింది. జింక బిడ్డే చేనికి కాపలా కాసింది అన్నమాట. అటు జింక, ఇటు పైరు, రెండూ ఆమెవే. తరమడం వేరు, చంపడం వేరు అని ఈ కథ నాకు చెబుతుంది. ఇంకో సంగతి కూడా చెబుతుంది. కాపలా అంటే ఒక మనిషి రోజంతా మంచె మీద ఉండాలి. అది ఉత్తినే జరిగే పని కాదు.

ఇప్పుడు మంచె మీద ఎవరు ఉంటారు? పిల్లలం బడిలో ఉంటాము. పెద్దవాళ్ళు పగలు మగ్గం మీద, కూలి పనుల్లో ఉంటారు. రాత్రంతా మేలుకోవడానికి మిగిలింది ముసలివాళ్ళు. కాబట్టి కాపలా ఒక్క ఇంటి పనిగా ఉండకూడదు. కొండ కింద చేలున్నవాళ్ళు వంతులు వేసుకుని కాయవచ్చు. పంచాయతీ నుంచి వాళ్ళకు టార్చిలైట్లు, కొంచెం కూలి ఇవ్వవచ్చు. నష్టం జరిగిన మర్నాడే ఫోటో తీసి, తేదీ వేసి, అర్జీ రాసి పంపడం మాలాంటి చదువుకునే పిల్లలం చేయగలిగిన పని. అర్జీ తమిళంలో రాయాలి, మా ముసలివాళ్ళలో చాలామందికి తెలుగు మాట్లాడటం తప్ప రాయడం రాదు. ఆ పని మేము చేస్తే అది కూడా కాపలానే.

మన రాజ్యాంగంలో 51ఎ అధికరణం ప్రాణుల మీద దయ చూపడం ప్రతి పౌరుడి కర్తవ్యం అంటుంది. ప్రతి పౌరుడి అని ఉంది, ప్రతి రైతు అని లేదు. మా తాత ప్రశ్నకు నాకు దొరికిన జవాబు ఇదే. జింక అందరిదీ అని చెప్పినప్పుడు, అది తిన్న సెనక్కాయల లెక్క కూడా అందరిదీ అని అదే నోటితో చెప్పాలి. రెండో మాట చెప్పే ధైర్యం లేకపోతే మొదటి మాట రైతుకు చెప్పే అర్హత మనకు లేదు.