చూచుటయు, తెలియుటయు

1895 డిసెంబరులో జర్మనీ శాస్త్రజ్ఞుడు రాంట్‌జన్ తన భార్య హస్తమును ఎక్స్ కిరణములతో చిత్రించెను. కత్తి తాకకయే సజీవుని యెముకలను చూచుట సాధ్యమయ్యెను. నాటినుండి ఆ దృష్టివలన వైద్యమునకు కలిగిన మేలు ఇంతింతయనరానిది. ఐనను చూచుట వేరు, తెలియుట వేరు. ఈ భేదమును మరచినచోట ఉపకారియే అపకారి యగును.

నేడు నడుము నొప్పితో వైద్యుని చేరినవాడు తరచుగా మొదట కోరునది ఎం.ఆర్.ఐ. చిత్రము. వెన్నుపూసల నడుమ మెత్తవలె నుండు డిస్కు ఉబ్బినదని నివేదిక చెప్పును. బాధకు మూలము దొరకినదని రోగి నమ్మును. కాని 1994లో అమెరికాలో వెలువడిన యొక పరిశీలనలో, నడుము నొప్పి లేని 98 మందిని అట్లే చిత్రింపగా, 52 శాతము మందిలో ఒక డిస్కైనను ఉబ్బియుండెను. నొప్పిలేని 3,110 మందిని గూర్చిన పరిశోధనలను కూర్చిన 2015 నాటి సమీక్ష, డిస్కుల అరుగుదల 20 ఏండ్లవారిలో 37 శాతమునకును, 80 ఏండ్లవారిలో 96 శాతమునకును ఉండునని తేల్చెను. నెరసిన తలను రోగమని యెవరందురు?

ఎక్కువ తెలిసికొనుటవలన కీడేమి యని అడుగవచ్చును. కీడు మాటలో నున్నది. ‘నీ వెన్ను అరిగినది’ అని విన్నవాడు వంగుటకు జంకును, బరువెత్తుటకు వెరచును. కదలిక తగ్గగా కండలు సడలును, నొప్పి నిలిచిపోవును. అక్కరలేని సూదిమందులకు, ఒక్కొక్కప్పుడు శస్త్రచికిత్సకును అదియే దారి తీయును. చిత్రము దేహమును తాకలేదు, ఐనను గాయపరచినది.

సత్యమును దాచుమని నా భావము కాదు. కాళ్లు పట్టు తప్పినను, మూత్రము అదుపు తప్పినను, నొప్పికి జ్వరము తోడైనను, పూర్వము క్యాన్సరు ఉండినను, గట్టి దెబ్బ తగిలినను జాగు చేయుట అపరాధము. అట్టి గుర్తులు లేనిచో మొదటి ఆరు వారములు చిత్రము అనవసరమని పలు వైద్యసంఘముల మార్గదర్శకములు చెప్పుచున్నవి. పెక్కుమందికి ఆలోగానే బాధ తగ్గును.

దోషమును వైద్యునిపైననే మోపుట న్యాయము కాదు. చీటీ వ్రాయుటకు నిమిషము చాలును. చేతితో పరీక్షించి, రోగి చెప్పునది విని, ‘అక్కరలేదు’ అని నచ్చజెప్పుటకు ఓర్పు వలయును. ఫిలిము లేని వైద్యమును రోగియు నమ్మడు. కావున ఇరువురును కలిసి ముందుగా వేసికొనవలసిన ప్రశ్న ఒక్కటి: ఇందులో ఏది కనబడినచో మన చికిత్స మారును? ఏమియు మారదన్నచో, చూడకుండుటయు వైద్యమే.