అరచేతికి దొరికే పల్లం

మసిపూసి మారేడుకాయ చేశాడంటాం. పైన పటారం, లోన లొటారం అనీ అంటాం. పూత అనేసరికి తెలుగుకు ఎక్కడలేని అనుమానం. కారు రేకుతో కుస్తీ పట్టినవాళ్ళ అనుభవం దీనికి పూర్తిగా తిరగబడి ఉంటుంది. వాళ్ళ లెక్కలో రంగు దేన్నీ దాచదు. మెరుపు లేని ప్రైమరు మీద ఎంత వెతికినా దొరకని గీత, నిగనిగలాడే రంగు పడగానే రోడ్డవతల నుంచి కనిపిస్తుంది.

నెల్లూరు జిల్లా ఆత్మకూరులో ఒక మాస్టారు ఉన్నాడనుకుందాం. ఇలాంటివాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఒకరిద్దరు ఉంటారు. ఆయన దగ్గర 1990ల నాటి తెల్ల మారుతి 800 ఉంది. పదిహేనేళ్ళకు చేయించాల్సిన రీరిజిస్ట్రేషను ఎప్పుడో అయిపోయింది. రెండు డోర్లకు సొట్టలు, మడ్‌గార్డు అంచున తుప్పు. షెడ్డులో వదిలేస్తే పదిరోజుల్లో కొత్తబండిలా చేతికొస్తుంది. కానీ లోపల లప్పం ఎంత మందాన మెత్తారో ఎవరికి తెలుసు? సెకండ్ హ్యాండు బండి కొనేవాడు గుడ్డ చుట్టిన అయస్కాంతం తెచ్చేది అందుకే. రేకు మీద అది అతుక్కుంటుంది, లప్పం మందంగా ఉన్నచోట జారిపోతుంది. తన బండి లోపల ఏముందో తనకు తెలియాలన్న పట్టుదలతో మాస్టారు వేసవి సెలవుల్లో వేపచెట్టు కింద పని మొదలుపెట్టాడు.

రంగు గీకడంతో మొదటి వారం గడిచింది. ఫ్యాక్టరీలో వేసిన పొరలన్నీ కలిపినా మందం నూరు, నూటిరవై మైక్రాన్లు. అంటే ఒకటిన్నర వెంట్రుకంత. ఇన్నేళ్ళూ ఎండకూ వానకూ అడ్డుగా నిలబడింది ఆ మాత్రం పూతే. ఎడమ డోరులో మాత్రం పై రంగు కింద పాత లప్పం బయటపడింది. దాని కింద తుప్పు. ఇనుము తుప్పుగా మారినప్పుడు పరిమాణంలో ఉబ్బుతుంది. పైనున్న పూతను లోపలి నుంచి తోసేస్తుంది. రంగు మీద పొక్కులు కనిపించేసరికి కింద పని సగం అయిపోయే ఉంటుంది. తుప్పు మీద లప్పం పెడితే రోగం మీద దుప్పటి కప్పినట్టే. కుళ్ళిన రేకు కోసేసి, కొత్త ముక్క వెల్డింగు చేయించాల్సిందే.

సొట్ట తీయడం తేలికని ఆయన అనుకున్నాడు. వెనక ఇనుపదిమ్మ ఆనించి ముందు నుంచి సుత్తితో కొట్టడమేగా! అయితే దెబ్బ తిన్న రేకు సాగుతుంది. సాగినదాన్ని ఎంత కొడితే అంత ఉబ్బుతుంది, ఒకచోట అణిస్తే పక్కన లేస్తుంది. వేడిచేసి తడిగుడ్డతో చప్పున చల్లార్చి ముడుచుకునేలా చేయడం చేయి తిరిగిన టింకరింగు మేస్త్రీల విద్య. అదే జిల్లాలోని ఉదయగిరి కోట 1514లో చేతికి రావడానికి కృష్ణదేవరాయలకు దాదాపు ఏడాదిన్నర ముట్టడి పట్టింది. మాస్టారి డోర్లు మూడు ఆదివారాల్లో లొంగాయి. ఆ లెక్కన నయమే.

తర్వాతది లప్పం, అంటే పాలియెస్టర్ పుట్టీ. మెట్ట ప్రాంతపు మే నెల ఎండలో హార్డనరు కాస్త ఎక్కువైతే అది పలక మీదే గడ్డకడుతుంది. పెట్టాల్సింది రెండు మూడు మిల్లీమీటర్లకు మించకూడదు. పెట్టినదాంట్లో ఎక్కువ భాగం మళ్ళీ అరగదీయాలి. 80 నంబరు ఎమరీ పేపరుతో మొదలై 180, 320 దాకా. లప్పం నీళ్ళు పీల్చుకుంటుంది కాబట్టి దాన్ని పొడిగానే రుద్దాలి. వాటర్ పేపరు వంతు ప్రైమరు పడ్డాకే. కాగితాన్ని చెక్కదిమ్మకు చుట్టకుండా వేళ్ళతో రుద్దితే వేళ్ళ ఆకారంలో గాళ్ళు పడతాయి. ప్రైమరు మీద నల్లరంగు పలచగా చల్లి రుద్దినప్పుడు మిట్టల మీద నలుపు పోతుంది, పల్లాల్లో మిగులుతుంది. ఎక్కడ ఓడిపోయామో చూపించే పటం అది.

మాస్టారు నలుపంతా పోగొట్టి, డోరు చూసుకుని మురిసిపోయాడు. చూడడానికి వచ్చిన షెడ్డు మేస్త్రీ డోరు మీద పల్చని గుడ్డ వేసి, దానిపై అరచేయి ఆనించి ఒక్కసారి నిమిరాడు.

“ఇక్కడ పల్లం ఉండాది సార్.”

“నాకేం కనపళ్ళేదే?”

“చూడబాకండి. కళ్ళు మూసుకొని నిమరండి.”

స్టాక్‌హోంలోని కేటీహెచ్ సాంకేతిక విశ్వవిద్యాలయ పరిశోధకులు 2013లో వేలికొన పనితనాన్ని కొలిచారు. పదమూడు నానోమీటర్ల ఎత్తున్న ముడతలున్న తలాన్నీ నున్నటి తలాన్నీ వేలు వేరుచేసి చెప్పగలిగింది. అది వేలికొన సంగతి. డోరు మీది అల వెడల్పైనది కాబట్టి దానికి అరచేయి మొత్తం కావాలి. చదువుకున్నవాళ్ళం కంటినే నమ్ముతాం. కన్ను తను చూడాలనుకున్నది చూస్తుంది, అందులోనూ పని మనదైతే మరీను. చేతికి ఆ మొహమాటం లేదు.

వేలితో తేల్చుకునే పని ఉదయగిరిలోనూ ఉంది. అక్కడి చెక్క గరిటెలు, స్పూన్లు భౌగోళిక గుర్తింపు పొందినవి. నర్ది, బిక్కి లాంటి కర్రతో చేస్తారు. నోట్లో పెట్టుకునే స్పూనుకు లప్పం పెట్టడం కుదరదు. ఒక చెక్కు ఎక్కువ పోతే తిరిగి అతికేదీ లేదు. కారు పనివాడికి పెట్టి తీసే వెసులుబాటు ఉంది, చెక్క పనివాడికి తీయడమే ఉంది. రెండూ చివరికి వేలి కిందే తేలుతాయి. అయినా వీటిలో ఏది కష్టమని అడిగితే చెక్క పనికే ఓటు వేయాలి.

జనరల్ మోటార్స్ తన 1924 మోడలు ఓక్‌లాండ్ కార్లకు డ్యూకో అనే త్వరగా ఆరే రంగు వేసింది. అంతకుముందు వార్నిషు ఆరడానికే వారాలు పట్టేది. డ్యూకోతో ఆ నిరీక్షణ తప్పింది. తర్వాత శతాబ్దమంతా ఆరే వేగం పెరుగుతూ వచ్చింది గానీ, సొంతంగా చేసుకునేవాడి రుద్దుడు పెద్దగా తగ్గలేదు. ఇక పెరల్ రంగుల్లో తళుకు అభ్రకం రేణువులది. సైదాపురం గనుల వల్ల నెల్లూరు జిల్లాకు బాగా తెలిసిన ఖనిజమే. మాస్టారి తెల్లబండికి తళుకు అక్కర్లేదు. రంగు మారిస్తే ఆర్‌సీలోనూ మార్పించాలి, ఆ తిరుగుడు మరొకటి.

మొట్టమొదటి మారుతి 800ని 1983 డిసెంబరు 14న ఇందిరాగాంధీ హర్‌పాల్ సింగ్‌కు తాళాలిచ్చి అప్పగించారు. 2010లో ఆయన పోయాక ఆ బండి ఇంటి బయట తుప్పు పట్టింది. తర్వాత కంపెనీ దాన్ని బాగుచేసి తన కార్యాలయంలో ప్రదర్శనకు పెట్టింది. ఇప్పుడది ముచ్చటగా ఉంది. తుప్పు పట్టిన ఏళ్ళ ఆనవాలు మాత్రం పైకి కనిపించదు. అది లాభమో నష్టమో తేల్చడం కష్టం. ఆ రేకును రుద్దిన చేతులకు మాత్రం తుప్పు ఎక్కడెక్కడ తిన్నదో తెలిసే ఉంటుంది.

చివరి రంగు మాస్టారు వేయలేదు. హార్డనరు కలిపే రంగుల్లోని ఐసోసయనేట్లు ఊపిరితిత్తులకు చేటు, ముక్కుకు కట్టుకునే తువ్వాలు వాటిని ఆపదు. పైగా వేపచెట్టు కింద దుమ్ము. స్ప్రే గన్ను మేస్త్రీ పట్టాడు. నెలన్నర పని అరపూటలో తెల్లరంగు కిందికి వెళ్ళిపోయింది.

మర్నాడు టీకొట్టు దగ్గర ఎవరో అడిగారు, ఏ షెడ్డులో చేయించారు సార్ అని. మాస్టారు పేరు చెప్పే లోపే చేయి ఎడమ డోరు మీదికి పోయింది. హ్యాండిలుకు జానెడు కింద, పొద్దుటి ఏటవాలు ఎండలో ఒక అల ఉంది. అడిగినవాడికి అది కనిపించలేదు.