మంచము మోసిన నలుగురు

ధ్యాన భాగము: మార్కు సువార్త 2:1–12

ఈ భాగమును ఆదివారపు బడి నాటినుండియు మనము వినుచున్నాము. కపెర్నహూములో ప్రభువు ఇంటనుండగా పక్షవాయువుగల యొకనిని నలుగురు మోసికొని వచ్చిరి. జనము కిక్కిరిసి యుండుటచేత ద్వారమునకు దారి దొరకలేదు. అందుచేత వారు ఇంటికప్పు విప్పి అతనిని పరుపుతో కూడ దించిరి. ఆ నలుగురి పేర్లు మార్కు వ్రాయలేదు. వారు అన్నదమ్ములో, ఇరుగుపొరుగువారో, కూలికి కుదిరినవారో తెలియదు. ఆ కప్పు మరల ఎవరు వేయించిరో కూడ వ్రాయలేదు. పాక కప్పించుట కెంత యగునో ఎరిగిన మన ప్రాంతపువారికి ఈ ప్రశ్న తప్పక తోచును! ప్రభువు మాత్రము మోసినవారి విశ్వాసమును చూచెను.

ఇట్టి మోతపని నేడు బందరులోను, గుడివాడలోను, దివిసీమలోను జరుగుచున్నది. ప్రత్యేకావసరములుగల పిల్లల కొరకు ప్రభుత్వము భవిత కేంద్రములను నడుపుచున్నది. నడువలేని పిల్లలకును, వినలేని పిల్లలకును, బుద్ధి నెమ్మదిగా వికసించు పిల్లలకును ప్రత్యేకోపాధ్యాయులు అచ్చట నేర్పుదురు. బిగిసిన కాలుచేతులకు ఫిజియోథెరపీ చేయింతురు. ఆయమ్మ అన్నము తినిపించి, దొడ్డికి తీసికొనిపోయి, కడిగి, బట్ట మార్చును. కదలలేని బిడ్డ యింటికి ఉపాధ్యాయురాలే పోయి నేర్పుటయు కలదు.

ఇది ఎవరో జాలిపడి పెట్టు భిక్ష కాదు. విద్యాహక్కు చట్టమునకు 2012లో జరిగిన సవరణ తీవ్ర వైకల్యముగల బిడ్డకు ఇంటివద్దనే చదువుకొను హక్కు నిచ్చినది. 2016 నాటి చట్టము 21 విధములైన వైకల్యములను గుర్తించినది. వైకల్యము 40 శాతమునకు తక్కువ కాని బిడ్డకు 6 మొదలు 18 ఏండ్ల వరకు ఉచిత విద్య హక్కని అది చెప్పుచున్నది. సదరం శిబిరమనగానే పింఛను జ్ఞాపకము వచ్చు ఇండ్లు మనలో అనేకములు. ఆ యిండ్లలోనే ఈ బడి సంగతి తెలియనివారు కలరు.

ఈ పని ఎంత నెమ్మదియైనదో చూడుడి. చొక్కా గుండీలు పెట్టుకొనుట ఒక బిడ్డకు నేర్పవలెననుకొందము. తెలిసిన సహాయకురాలు మొదటి గుండీతో ప్రారంభింపదు. అన్నియు తానే పెట్టి, కడపటి గుండీని సగము దూర్చి, దానిని లాగుట మాత్రము బిడ్డకు విడుచును. పని ముగించిన సంతోషము బిడ్డదగును. అది వచ్చిన పిమ్మట రెండు గుండీలు, తరువాత మూడు. ఒక్క చొక్కాకు నెలలు పట్టవచ్చును. అన్నము పెట్టుటయు ఇట్టిదే. మెడ నిలువని బిడ్డను పండుకొనబెట్టి తినిపించిన యెడల మెతుకు ఊపిరిగొట్టములోనికి పోవచ్చును. వీపునకు ఆనిక పెట్టి కూర్చుండబెట్టి, తల కొంచెము ముందునకు వంచి, చిన్న చిన్న ముద్దలుగా, మింగిన తరువాతనే మరియొకటి పెట్టవలెను. తొందరపడువారి చేతికి అప్పగింపదగిన పని కాదిది.

ఇంత చేసియు అది దినములో కొన్ని గంటల పనియే. తక్కిన గంటలన్నియు తల్లివి. ఊడ్పులనాడును కోతలనాడును ఆ తల్లికి ఎంత కష్టమో ఆలోచించుడి. పొలమునకు పోయినగాని కూలి లేదు. పోయినచో బిడ్డను కనిపెట్టువారు లేరు. ముసలి అవ్వకు అప్పగించి, మడిలో వంగియున్నంతసేపు మనస్సు ఇంటివైపే యుండును. పదియేండ్ల బిడ్డను చంకనెత్తుకొని లంకలనుండి బస్సు వరకు నడచుట ఆమెకు ఎన్నాళ్లు సాధ్యము? పరుపునకు నాలుగు మూలలున్నవి. ఆయమ్మ రెండు గంటలు ఒక మూల పట్టుకొనుచున్నది, తల్లి ఎల్లప్పుడు ఒకటి పట్టుకొనియున్నది. మిగిలిన రెండు మూలలు ఎవరివి?

ఇచ్చట మరియొక సంగతి గమనింపవలెను. కపెర్నహూములో ద్వారమును మూసినవారు శత్రువులు కారు, వాక్యము వినవచ్చినవారే. ఆరాధనలో ఒక బిడ్డ కేక వేసినప్పుడు మెడలన్నియు వెనుకకు తిరిగినచో, ఆ తల్లి లేచి బయట వేపచెట్టు క్రింద నిలుచుండును. ఆమె కప్పు విప్పుకొని లోనికి రాగలదా?

ప్రభువు ఆ రోగికి మొదట పాపక్షమాపణ ప్రకటించెను గనుక, వైకల్యము పాపఫలమేనని కొందరు వాదింతురు. వారు యోహాను 9వ అధ్యాయము కూడ చదువవలెను. పుట్టు గ్రుడ్డివానిని చూచి, పాపము వీనిదా కన్నవారిదా అని శిష్యులడిగిరి. ప్రభువు రెంటిని త్రోసివేసెను. గ్రహణమునాడు కడుపుతో నున్న తల్లి బయటికి వచ్చినందున బిడ్డకు మొర్రి కలిగెనని బాప్తిస్మము పొందిన ఇండ్లలో సైతము ఇంకను అనుచున్నారు. ఇది సువార్త కాదు. ఆ మాట ఒక్కటి మానినను తల్లి మోయు బరువులో సగము తగ్గును.

ఇక సంఘము చేయదగిన పని కలదు. స్త్రీల మైత్రిలో తీరికయు ఓర్పును గల యొక సహోదరి వారమునకు మూడు దినములు, పూటకు రెండు గంటలు, అట్టి ఇంట కూర్చుండవచ్చును. మొదట భవిత కేంద్రమునకు పోయి, బిడ్డను ఎట్లు ఎత్తవలెనో, ఎట్లు తినిపింపవలెనో కన్నులార చూచి రావలెను. ఆ సహోదరి కూలిచేసికొని బ్రదుకునదైతే, ఉచిత సేవయని పేరుపెట్టి ఆమె పూట గడవకుండ చేయరాదు. కూలి బిగపట్టిన వారినిగూర్చి యాకోబు వ్రాసినది సంఘములకును వర్తించును. కోతపండుగ కానుకలలోనుండి కొంత దీనికి వేరుపరచుట పెద్దలకు కష్టము కాదు.

ఊడ్పులు ఆరంభము కాకమునుపే ఇద్దరు పెద్దలు ఆ యింటికి పోయి, ఏ దినములలో, ఏ గంటలలో సహాయము కావలెనో తల్లి నోటనే చెప్పించుకొని వ్రాసికొనవలెను. మాటలాడగల బిడ్డయైతే, బిడ్డను కూడ అడుగవలెను.