తేటనీటి ఊరు

(శాంటా క్లారా సెంట్రల్ పార్కులో కార్తిక వనభోజనాల నాడు చేసిన ప్రసంగ పాఠం)

అందరూ కూర్చున్నారా? పిల్లల్ని పిలవకండమ్మా, ఆడుకోనివ్వండి. వాళ్ళు వచ్చిన పని వాళ్ళు చేస్తున్నారు.

ఇందాక ఉసిరి మొక్క దగ్గర అర్చకులు సంకల్పం చెప్పించారు, విన్నారా? మన ఊళ్ళో జంబూద్వీపం, భరతవర్షం అంటాం. ఇక్కడ క్రౌంచద్వీపం అన్నారు, రమణకవర్షం అన్నారు. అమెరికా ఆలయాల్లో చాలాచోట్ల ఇప్పుడు అలాగే చెబుతున్నారు. ఎందుకు మార్చారు? సంకల్పంలో అబద్ధం ఆడకూడదు కనుక. ఏ నేల మీద నిలబడ్డాను, ఏ ఋతువులో ఉన్నాను, ఏ నదుల మధ్య ఉన్నాను, ఇదంతా చెప్పుకున్నాకే కర్మ మొదలుపెట్టాలన్నారు పెద్దలు. అయితే నాయనా, ఒక్క మాట అడుగుతాను. ఈ ఊళ్ళో మీ నది ఏది?

చూశారా, ఎవరూ పలకలేదు. కృష్ణా గోదావరుల పేర్లు నిద్రలో లేపి అడిగినా చెబుతారు. పదేళ్ళుగా రోజూ కారులో దాటే వంతెన కింద ఏ నీళ్ళు పోతున్నాయో తెలియదు. ఈ పార్కులోంచే పోతోంది సరటోగా క్రీక్. పడమటి శాంటా క్రూజ్ కొండల్లో పుట్టి వస్తుంది. ఊరికి తూర్పు అంచున గ్వాడలూప్ నది ఉంది, అది శాన్ ఫ్రాన్సిస్కో అఖాతంలో కలుస్తుంది. వచ్చే ఏడు సంకల్పంలో ఈ పేర్లు చెప్పుకోండి. అంతకంటే ముందు వెళ్ళి ఒడ్డున కాసేపు నిలబడండి. పిక్నిక్ అని మీరు అంటున్నదాన్ని నేను కాళ్ళతో చేసే సంకల్పం అంటాను.

ఊరు పెద్దదేం కాదు. 2020 జనాభా లెక్కల్లో సుమారు 1,27,000 మంది. మన తెనాలి కంటే తక్కువ. 1777 జనవరి 12న ఫ్రాన్సిస్కన్ సాధువులు ఇక్కడ మఠం స్థాపించి అస్సీసీ క్లారామ్మ పేరు పెట్టారు. కలవారి ఇంట పుట్టి, ఆ సంపద అక్కర్లేదని వదిలి, ఫ్రాన్సిస్ మహాత్ముడికి శిష్యురాలైన తల్లి ఆవిడ. లాటిన్ భాషలో క్లారా అంటే తేట, నిర్మలం. ఈ సంగతి తెలిసిననాడు నాకు ఒళ్ళు పులకరించింది. ఎందుకంటే శరదృతువుకి మనవాళ్ళు చెప్పిన లక్షణమూ అదే. భాగవతం దశమస్కంధంలో వ్యాసులవారు శరత్తును వర్ణిస్తూ, యోగం నుంచి జారినవాడి మనస్సు మళ్ళీ సాధనతో శుభ్రపడినట్టు నీళ్ళు తేటపడ్డాయన్నారు. గమనించండి, జారినవాడన్నారు. మొదటినుంచీ శుద్ధంగా ఉన్నవాడి మాట కాదది. మా అమ్మమ్మ బానలో చిల్లగింజ అరగదీసి కలిపేది. ఆ తరవాత బాన కదపనిచ్చేది కాదు. తెల్లారేసరికి మడ్డి అడుగున, తేట పైన. కదపకుండా ఉండడం, అదే అందులో కష్టమైన పని. వారమంతా కదిలిపోయిన మనస్సులు మీవి. ఈ పూట చెట్టు కింద ఉండనివ్వండి.

కాలం సంగతి కూడా సరిగ్గా చెప్పుకోవాలి. రామచంద్రమూర్తి నాలుగు నెలల వర్షాకాలం కొండమీద వేచి, శరత్తు వచ్చాక సీతమ్మను వెతికించే పనిలోకి దిగాడు. మన దేశంలో వాన వెలిస్తే శరత్తు. ఇక్కడ తిరగబడింది. ఎండాకాలమంతా చినుకు ఉండదు, కొండలన్నీ ఎండుగడ్డితో పసుపుపచ్చగా ఉంటాయి. తొలి వానలు ఈ శరత్తులోనే పడతాయి, కొన్ని వారాలకు ఆ కొండలే పచ్చబడతాయి. ఈలోగా వీధుల్లో గింకో చెట్లు పచ్చటి పసుపు పూసుకుంటాయి, లిక్విడాంబర్ ఆకులు కుంకుమవుతాయి. ముత్తైదువులాంటి ఋతువు తల్లీ ఇది! దీన్ని ఫోనులో ఫోటో తీసుకోండి, వద్దనను. తీశాక ఫోను లోపల పెట్టేసి ఆ ఆకు చేతిలోకి తీసుకోండి.

మనకంటే ముందు ఈ నేల మీద శరత్తును ఎరిగినవాళ్ళున్నారు. ఓలోనీలు. ఈ ఋతువులో ఓక్ కాయలు ఏరుకునేవారు. ఆ పప్పు వట్టి వగరు. పిండి చేసి, నీళ్ళు పోసి పోసి వగరు పోగొట్టి, జావ కాచుకునేవారు. మఠం వచ్చాక రోగాలకు వేలమంది పోయారు, ఆ దుఃఖమూ ఈ మట్టిలో ఉంది. వాళ్ళ సంతతి ఇప్పటికీ ఈ ప్రాంతంలో ఉన్నారు. గ్వాడలూప్ ఒడ్డున యులిస్టాక్ అని 40 ఎకరాల వనం ఉంది, ఈ నేలకు చెందిన మొక్కల్నే వాలంటీర్లు అక్కడ మళ్ళీ పెంచారు. పిల్లల్ని తీసుకెళ్ళి ఓక్ చెట్టు చూపించండి. ఉసిరికాయ వగరు తెలిసినవాళ్ళం, ఆ వగరు మనకు అర్థం కాదా?

ఇప్పుడు కృష్ణుడి దగ్గరికి వద్దాం. యమున ఇసుకతిన్నె మీద గోపబాలురతో చల్ది తిన్నాడు స్వామి. అంతకు మించిన వనభోజనం ఎక్కడుంది? మూల భాగవతంలో కృష్ణుడి వేళ్ళ మధ్య ఉన్నవి పండ్లు. మన పోతనగారి దగ్గరికి వచ్చేసరికి అవి ఊరగాయలయ్యాయి! పోతనగారు తన పెరట్లో, తన ఇంటి జాడీలో ఉన్నది తీసి స్వామి వేళ్ళ సందుల్లో పెట్టారు. తన ఊరు స్వామికి నివేదించారు. భక్తి అంటే ఇదీ అని నాకు ఆ పద్యం చదివినప్పుడల్లా కళ్ళు చెమరుస్తాయి.

మరి మన ఊళ్ళో ఏమున్నాయి? ఒకప్పుడు ఈ లోయంతా తోటలు. ప్రూన్లు, ఆప్రికాట్లు, చెర్రీలు. హృదయానికి ఆనందమిచ్చే లోయ అని పేరు పెట్టుకున్నారు, సిలికాన్ మాట తరవాత వచ్చింది. ఇప్పటికీ పెరళ్ళలో పెర్సిమ్మన్ చెట్లున్నాయి. ఆకులన్నీ రాలాక బోసికొమ్మల మీద నారింజరంగు పండ్లు, దీపాలు వెలిగించినట్టు. పులిహోర, దద్దోజనం నైవేద్యం పెట్టారు, సంతోషం. ఆ పక్కన ఒక పెర్సిమ్మన్ పండు పెట్టండి. స్వామి వద్దంటాడా?

ఆ కథలోనే ఇంకో సంగతి ఉంది. బ్రహ్మగారు దూడల్నీ పిల్లల్నీ దాచేశారు. ఆయన లెక్కలో ఒక్క త్రుటి. తిరిగి చూస్తే ఇక్కడ ఏడాది గడిచింది. మనదీ అదే కథ. ఈ వారం కాదు, వచ్చే వారం తీసుకెళతాను అంటాం. హాఫ్ మూన్ బే గుమ్మడికాయల పండగకు వచ్చే ఏడు వెళదాం అంటాం. 1971 నుంచి జరుగుతున్న పండగ, అది ఉంటుంది. నాన్న భుజమెక్కి గుమ్మడికాయలు చూడాలనే పిల్లవాడు వచ్చే ఏడుకి భుజానికి అందడు.

సరే, వడ్డించండి. గడియారాలు వెనక్కి తిప్పాక ఇక్కడ 5 గంటలకల్లా పొద్దు వాలిపోతుంది. అందరూ తిన్నాక ఉసిరి మొక్క ముందు దీపం పెట్టి, క్రీక్ దాకా నడుద్దాం. దీపాలు నీళ్ళలో వదలొద్దు, ఆ నీళ్ళు తేటగానే పోనివ్వండి. రేపు పౌర్ణమి. డయాబ్లో కొండల మీద చంద్రుడు లేచాక చూడండి, ఆ వెలుగులో మసకగా, దగ్గర్లోనే కృత్తికలుంటాయి. తెనాలిలో మా అమ్మమ్మ చూపించినవే.