చల్లగా ఉన్న చక్రం

సారపాక పేపరు మిల్లు దారిలో కర్ర బండ్ల వరుస తరచూ కనిపిస్తుంది. జామాయిల్, సుబాబుల్, సరుగుడు. లారీలు, ట్రాక్టరు ట్రాలీలు. అటు అశ్వారావుపేట వెళ్తే ఆయిల్‌ఫెడ్ ఫ్యాక్టరీ ముందు పామాయిల్ గెలలతో బొలెరోలు, ట్రాలీలు. గెల కోసిన ఒకరోజులో మిల్లులో పడకపోతే నూనె నాణ్యత పడిపోతుంది కాబట్టి అక్కడ తొందర ఇంకా ఎక్కువ. ఎండాకాలం తునికాకు, అంతకుముందు ఖమ్మం మార్కెట్‌కు మిర్చి, పత్తి. ఈ అడవి అంచున చాలా ఇళ్లు ఏదో ఒకటి మోసే బండి మీదే నడుస్తున్నాయి. వరుసలో బండి పెట్టి టీ తాగేవాళ్లు మాట్లాడుకునేది ఎక్కువగా ఒకటే లెక్క: నీది ఎంత లాగుతోంది?

అందులో తప్పుపట్టడానికేం లేదు. ట్రిప్పుకు ఇంకో ఐదు క్వింటాళ్లు పడితే డ్రైవరు బత్తా అంతే, డీజిల్ కాస్త అటూ ఇటూ, మిగిలేది మాత్రం ఎక్కువ. అందుకే డీజిల్ పికప్ కొన్నవాడు ఏడాది తిరక్కుండానే దానికి ఇంకొంచెం బలం ఎక్కడినుంచి తేవాలా అని చూస్తాడు. వెనక కమాన్ కట్టలో మరో పట్టీ వేయిస్తాడు. టైరు సైజు పెంచుతాడు. పాత బండైతే పంపు విప్పించి డీజిల్ పెంచుతాడు. కామన్ రెయిల్ బండైతే ల్యాప్‌టాప్ పట్టుకుని ఒక కుర్రాడు వస్తాడు, లోపలి లెక్కలు మార్చి పోతాడు. చివరికి వెనక హుక్కు వెల్డింగ్ చేయించి జనరేటరో, సిమెంటు కలిపే మిల్లరో తగిలించి లాగడం మొదలవుతుంది.

కమాన్ పట్టీ సంగతే చూద్దాం. పట్టీ వేయించకముందు బరువెక్కువైతే బండి వెనక కుంగేది. వేయించాక కుంగదు. అదే ఐదు క్వింటాళ్లు, కానీ బండి నిటారుగా నిలబడి ఉంటుంది, చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. కుంగడం లేదు కాబట్టి బరువు లేదనిపిస్తుంది. నిజానికి ఆ బరువు ఎక్కడికీ పోలేదు. కమాను ఇదివరకు వంగి కొంత గుంతల దెబ్బను మింగేది, ఇప్పుడు ఆ దెబ్బ నేరుగా ఇరుసు హౌసింగ్‌కు, బేరింగులకు, టైర్లకు, ఛాసిస్‌కు వెళ్తోంది. కుంగడం బండి మనతో చెప్పే మాట. ఆ మాట వినపడకుండా చేయడానికి మనమే డబ్బిచ్చాం.

ఇంజను బలం పెంచినా కథ ఇంతే. డీజిల్ ఎక్కువ పోస్తే పొగ గొట్టంలో వేడి పెరుగుతుంది, దాన్ని పిస్టను, టర్బో భరించాలి. లాగే శక్తి పెరిగింది కాబట్టి క్లచ్ ప్లేటు జారడం మొదలవుతుంది. గట్టి ప్లేటు వేయిస్తే క్రాసు జాయింటు పోతుంది. క్రాసు మంచిది వేస్తే క్రౌన్ పళ్ల మీద పడుతుంది. ఒకచోట గట్టిపరిచిన ప్రతిసారీ బరువు పక్కదానికి జరుగుతూ పోతుంది. మెకానిక్‌లకు ఈ సంగతి బాగా తెలుసు. ముందే చెప్పేవాళ్లు కొందరున్నారు, వాళ్ల షెడ్డుల్లో జనం తక్కువ.

బూర్గంపాడు వైపు అలాంటి షెడ్డులో ఒక పెద్దాయన ఉన్నాడు. బండి లోడుతో వచ్చి ఆగగానే ఆయన బానెట్ ఎత్తమనడు. నాలుగు చక్రాల దగ్గరికీ పోయి, మోచేయి వంచి, అరచేతి వెనక భాగాన్ని హబ్బుకు బెత్తెడు దూరంలో పెట్టి కాసేపు ఉంచుతాడు. ఒకసారి ఒక పికప్‌కు అలాగే చూస్తుంటే బండి కుర్రాడు ఎడమవైపు వెనక చక్రం చూపించి, "ఇదే కాలిపోతోంది బాబాయ్, రోజూ ఇదే" అన్నాడు. పెద్దాయన రెండోవైపుకు వెళ్లి కుడి చక్రం మీద చెయ్యి ఆనించేశాడు. "అది వేడెక్కడం దాని తప్పు కాదురా. ఇది చల్లగుంది చూడు" అని ఆ చక్రమే విప్పించాడు. లోపల బ్రేకు ఆయిల్ కారి లైనర్లు నల్లగా తడిసి మెరుస్తున్నాయి. మందం మాత్రం కొత్తవాటిలాగే ఉంది. అసలు పట్టలేదు గనక అరగలేదు. ఎడమవైపు విప్పితే లైనర్లు రివెట్ల దాకా అరిగిపోయి ఉన్నాయి. ఇద్దరు చేయాల్సిన పని అది ఒక్కటే చేసింది, ఫిర్యాదు కూడా దాని మీదే వచ్చింది.

ఆ రోజు నుంచి నాకు చాలా ఇళ్లు వేరేగా కనిపిస్తున్నాయి. చీటికీమాటికీ కసురుకునే ఆడమనిషిని చూసి, ఆవిడకు నోరెక్కువ అని సులువుగా అనేస్తాం. ఆ ఇంట్లో నిమ్మళంగా, ఎవరినీ ఏమీ అనకుండా, పేపరు చదువుకుంటూ కూర్చున్న మంచిమనిషిని ఎవరూ విప్పి చూడరు. డ్రైవరు తునికాకు రోజుల్లో వారాల తరబడి బండి మీదే ఉంటాడు. ఫైనాన్స్ వాళ్ల ఫోన్లు, పిల్లల ఫీజులు, ముసలివాళ్ల మందులు అన్నీ ఇంట్లో ఉన్నావిడ మీదే పడతాయి. ఇద్దరన్నదమ్ముల్లో ఒకడు తల్లిని ఆసుపత్రుల చుట్టూ తిప్పి తిప్పి చిరాకు మనిషైపోతాడు. రెండోవాడు పండగకు చీర పట్టుకొచ్చి నవ్వుతూ ఫొటో దిగుతాడు. ఊళ్లో మంచిపేరు రెండోవాడిదే. ప్రశాంతంగా ఉన్నవాళ్లందరూ పని ఎగ్గొట్టినవాళ్లని నేననను. కానీ ప్రశాంతత గురించి మాట్లాడేవాళ్లను చూస్తే ఒకసారి పక్క చక్రం మీద కూడా చెయ్యి పెట్టి చూడాలనిపిస్తుంది. నన్ను నేను కూడా కలుపుకునే అంటున్నా.

బ్రేకు మాట వచ్చింది కాబట్టి ఘాట్ గురించి. మారేడుమిల్లి నుంచి చింతూరు దిగే మలుపుల్లో, లోడుతో కలిపి మూడు టన్నులుండే పికప్ మూడు వందల మీటర్ల ఎత్తు దిగిందంటే, దాదాపు ముప్పై లీటర్ల నీళ్లను మరిగించేంత వేడి ఎక్కడో ఒకచోట బయటపడాలి. అది ఇంజనైనా మోయాలి, బ్రేకులైనా మోయాలి. గేరు తగ్గించి దిగితే ఇంజను చాలావరకు పట్టి ఉంచుతుంది. న్యూట్రల్ కొట్టి దిగితే మొత్తం బ్రేకుల మీదే పడుతుంది. డీజిల్ మిగులుతుందని న్యూట్రల్ కొట్టేవాళ్లు ఇంకా ఉన్నారు. ఇప్పటి బండ్లలో అది కూడా అబద్ధమే: గేరులో ఉండి యాక్సిలరేటరు వదిలేస్తే కామన్ రెయిల్ ఇంజను డీజిల్ పోయడమే ఆపేస్తుంది, న్యూట్రల్‌లో మాత్రం ఊరికే తిరగడానికైనా కొంత తాగుతుంది. ఇంకా తెలివిమీరి ఇంజనే ఆపేస్తే రెండు మూడు తొక్కుడులకు వ్యాక్యూమ్ అయిపోయి బ్రేకు పెడలు రాయిలా బిగుసుకుంటుంది. పవర్ స్టీరింగు ఉన్న బండైతే అదీ బరువెక్కుతుంది. పెద్దవాళ్లు చెప్పే పాత లెక్క ఇప్పటికీ సరిగ్గా సరిపోతుంది: ఏ గేరులో ఎక్కావో ఆ గేరులోనే దిగు.

వెనక ట్రాలీ ఉంటే ఈ లెక్క మరీ కఠినం. మన ట్రాక్టరు ట్రాలీలకు చాలావాటికి సొంత బ్రేకే ఉండదు. ఎక్కేటప్పుడు వెనక్కి గుంజేది, దిగేటప్పుడు ముందున్నదాన్ని నెడుతుంది. మలుపులో నెట్టిందంటే రెండూ కత్తెరలా మడుచుకుంటాయి. కర్ర పేర్చడంలోనూ కిటుకుంది. రెండు చక్రాల ట్రాలీలో బరువంతా ముందుకు పేరిస్తే హుక్కు మీద పడి ఎత్తులో ట్రాక్టరు ముందు చక్రాలు లేస్తాయి. వెనక్కి పేరిస్తే ట్రాలీ తోక ఆడిస్తుంది. అందుకే పదో వంతుకు కాస్త పైన బరువు హుక్కు మీద ఉండేలా చూసుకోమని పికప్ వెనక కట్టే ట్రైలర్ల విషయంలో ప్రపంచమంతటా చెబుతారు. లోడెక్కించే కూలీలకు ఈ శాతాలు తెలియవు గానీ, అనుభవం ఉన్నవాడు మొదటి వరుస పడగానే చక్రాల వైపు చూసి "ఇంక వెనక్కి వెయ్" అంటాడు.

నీళ్ల సంగతి భద్రాచలం వాళ్లకు చెప్పక్కర్లేదు. 1986లో గోదావరి 75.6 అడుగులకు వచ్చింది, 2022 జులైలో 71.3 అడుగులకు చేరింది, ఆ జులైలో వంతెన మీద రాకపోకలే ఆపేశారు. 43 అడుగుల మొదటి హెచ్చరిక చాలా ఏళ్లు వస్తూనే ఉంటుంది, వాగులు రోడ్ల మీదికి పొర్లుతూనే ఉంటాయి. మోకాలి లోతు నీళ్లలోంచి బండి దాటించి ఒడ్డెక్కాక, ఇంజను ఆగలేదు కదా అని సంబరపడి పోతూనే ఉంటాం. వేడెక్కిన హౌసింగ్ చల్లటి నీళ్లలో దిగగానే లోపలి గాలి ముడుచుకుని, గాలి పీల్చే చిన్న గొట్టం దగ్గర్నుంచి నీళ్లను లోపలికి లాక్కుంటుంది. నెలల తర్వాత క్రౌన్ అరుస్తోందని నట్టు విప్పితే గేరాయిల్ పాలు పోసిన టీలా దిగుతుంది. అప్పటికే పళ్లు తినేసి ఉంటాయి. వాగు దాటిన వారంలో ఆయిల్ చూసుకుంటే పోయేది. డీజిల్ ఫిల్టరు అడుగున నీళ్లు వదలడం, ఎయిర్ ఫిల్టరులోంచి ఎర్ర దుమ్ము దులపడం, క్రాసుకు గ్రీజు కొట్టించడం, లోడు లాగి వచ్చాక టర్బో చల్లబడేదాకా ఒక నిమిషం ఇంజను ఊరికే తిరగనివ్వడం. ఇవన్నీ చెప్పుకోవడానికి గొప్పగా ఏమీ ఉండవు. కొత్త మ్యాగ్‌వీల్స్ వేయించినవాడికి చూపించడానికి ఏదో ఒకటి ఉంటుంది. గ్రీజు కొట్టించినవాడు చూపించేదేమీ లేదు, బండి మామూలుగా నడుస్తుందంతే.

నన్నడిగితే, చేతిలో కొంత డబ్బుండి బండికి ఏదైనా చేయించాలనుకునేవాడు మొదట ఆపే సామాన్ల మీద పెట్టాలి. బ్రేకులు, టైర్లు, తర్వాత రేడియేటరు, క్లచ్. ఇంజను బలం మాట అన్నిటికంటే చివర రావాలి. అక్కడికొచ్చేసరికి చాలామందికి దాని అవసరం లేదని తెలిసిపోతుంది. లోడు తగ్గించుకోమంటే మాత్రం కిస్తీ ఎవరు కడతారంటారు. అదీ నిజమే. అప్పు కూడా ఒక ట్రాలీయే, దానికీ సొంత బ్రేకు లేదు. భద్రాచలంలో అప్పంటే రామదాసు గుర్తొస్తాడు. ఖజానా డబ్బుతో గుడి కట్టి గోల్కొండ చెరలో పడితే ఆ బాకీ సాక్షాత్తూ రామలక్ష్మణులే వచ్చి కట్టిపోయారని కథ. ఫైనాన్స్ కంపెనీ మెట్లెక్కడానికి వాళ్లు ఇంతవరకు వచ్చినట్టు వినలేదు. కాబట్టి బండి కొనేరోజే కిస్తీ లెక్క ఖాళీ నెలలను పెట్టి వేసుకోవాలి. మిర్చి, తునికాకు లేని నెలలు ఏడాదిలో ఎన్నో చూసుకుని, వాటిలో కూడా కట్టగలిగినంతే.

మన వంతు బరువు ఇంట్లోవాళ్ల మీద పడితే కనీసం ఒకరోజు అడుగుతారు. దారిన పోయేవాళ్ల మీద పడితే అడిగేవాళ్లుండరు. బీఎస్-6 బండికి పొగ ఫిల్టరు పీకించేస్తే మనకు పికప్ పెరుగుతుంది, మసి మాత్రం బడికి నడిచిపోయే పిల్లల ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఓవర్‌లోడు పట్టుబడితే 2019లో సవరించిన చట్టం ప్రకారం 20,000 రూపాయలు, ఆపైన ప్రతి అదనపు టన్నుకు 2,000 జరిమానా. పట్టుబడనప్పుడు ఆ లెక్క గుంతలు పడిన రోడ్డు మీద, ఆ గుంతలో పడిన టూవీలరు మీద తేలుతుంది. చీకట్లో వెనక లైటు లేకుండా రోడ్డు పక్కన ఆగిన కర్ర ట్రాలీని, వెనకనుంచి వచ్చే బైకువాడు దగ్గరికి వచ్చేదాకా చూడలేడు.

బండ్లవాళ్లకు నేను చెప్పుకునేది రెండే పనులు. ట్రాలీ వెనక, పక్కల రేడియం స్టిక్కర్లు అంటించండి, బురద పట్టినప్పుడల్లా ఒక గుడ్డతో తుడవండి. బండి చెడి ఎత్తులో ఆపినప్పుడు చక్రం కింద రాయి పెడతారు కదా, బాగైపోయి బయల్దేరేటప్పుడు ఆ రాయిని రోడ్డు మీదే వదిలేయకండి. దిగి, తీసి, పక్కన పడేసి వెళ్లండి.